పక్కింటి ప్లాను

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. మూడో మాట ఒకటి వారు మరిచిపోయినట్టున్నారు: పక్కింటివాడు ఇల్లు బాగు చేయిస్తుంటే చూడు. ఇల్లు కట్టినవాడి బాధ అప్పు తీరితే తీరుతుంది. పెళ్ళి చేసినవాడి బాధ అల్లుడు బుద్ధిమంతుడైతే తీరుతుంది. పక్కింటివాడి బాధ మాత్రం వాన పడ్డప్పుడల్లా మళ్ళీ మొదలవుతుంది.

సముద్రపు ఒడ్డున ఉన్నవారికి ఈ సంగతి కొత్త కాదు. 1991లోనే కేంద్ర ప్రభుత్వం వారు, పోటు వచ్చినప్పుడు నీళ్ళు ఎక్కే గీత నుంచి 500 మీటర్ల దాకా హద్దు పెట్టి, ఆ లోపల కట్టడాలకు ఆంక్షలు విధించారు. మన కర్నూలు, కడప వారికి సముద్రమెక్కడిది? బిందెడు నీళ్ళకు ఎదురుచూసే సీమలో "మనకు వరదేమిటండీ!" అన్న ధీమా ఒకటి ఉంటుంది.

ఆ ధీమాను 2009 అక్టోబరు 2 తుడిచిపెట్టింది. ఆ ఏడు దేశం మొత్తం మీద నైరుతి వానలు నూటికి 22 వంతులు తక్కువ. కరవు మాటలు నోట్లో ఉండగానే తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీద పడ్డాయి. శ్రీశైలం ఆనకట్టను 19 లక్షల క్యూసెక్కుల వరదకు లెక్కగట్టి కట్టారు. అప్పుడు వచ్చింది 25 లక్షలు దాటింది. దిగువకు పోయే దారి చాలక నీళ్ళు వెనక్కి తన్నాయి. కడప వారికి బుగ్గవంక ఉండనే ఉంది. 2020 నవంబరులో నివర్ తుపానుకు అది ఊళ్ళోకి వచ్చింది. మరుసటి ఏడు నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, చెయ్యేటి పక్క ఊళ్ళు కొట్టుకుపోయాయి. మన సీమకు నీళ్ళు ఎప్పుడో వచ్చే చుట్టం. కాని వచ్చినప్పుడు తన పాత చోటు ఎక్కడుందో వెతుక్కుని మరీ కూర్చుంటుంది.

నేనెరిగిన ఒక పెద్దమనిషి హంద్రీ పక్కన పాత మిద్దె కొన్నాడు. పడగొట్టకుండా బాగు చేయించుకుంటానన్నాడు. నేల నాలుగడుగులు ఎత్తు లేపి, ఏటివైపు గోడ పెట్టి, పైన ఇంకో అంతస్తు వేసే ప్లాను. అనుమతి కాగితం కూడా వచ్చింది. పక్కింట్లో ఒక అవ్వ ఉంది. మట్టితో పేర్చిన రాతిగోడల ఇల్లు ఆమెది. రెండిళ్ళకూ మధ్య గోడ ఒకటే.

"నీ ఇల్లు నువ్వు ఎత్తు చేసుకో నాయనా, వద్దనేకి నేనెవరు? ఇన్నాళ్ళూ నీ దొడ్లోంచి పోతాండిన నీళ్ళు రేపు యాడికి పోవల్ల? అది చెప్పు" అంది అవ్వ.

"నాకు పర్మిషను వచ్చింది కదవ్వా, కాయితం చూడు."

"కాయితం నువ్వు సూసినావు, నేనూ సూస్తాను. ఏరు సూసిందా?"

వీధిలో కొందరు నవ్వారు. ముసలిదానికి ఓర్వలేనితనం అన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. పక్కింటివాళ్ళ అభ్యంతరాల్లో ఓర్వలేనితనం బొత్తిగా ఉండదని నేననను. అంతమాత్రాన ప్రశ్న తప్పు కాదు గదా! 2009 చూసినవాడు నేల ఎత్తు చేసుకోవడమూ తప్పు కాదు. అతని భయం ఎంత నిజమో ఆమె భయమూ అంతే నిజం. చిక్కెక్కడంటే, అతని భయానికి ప్లాను ఉంది. ఆమె భయానికి లేదు. ప్లానులో మనం గీసేది మన స్థలం. పక్కిల్లు అందులో ఒట్టి గీత.

నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. 2012లోను, 2017లోను మన రాష్ట్రంలో వెలువడ్డ భవన నిబంధనలు, నది హద్దు నుంచి ఊరి పరిధిలో 50 మీటర్లు, వెలుపల 100 మీటర్లు వదలమన్నాయి. పది మీటర్లకు మించిన వెడల్పున్న వంకకైతే తొమ్మిది మీటర్లు, చిన్నదానికి రెండు. నది హద్దేదో నిర్ణయించాల్సింది నీటిపారుదల, రెవెన్యూ శాఖల వారు. అంతకన్నా పాతది 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం. పై నేల మీద పడ్డ వాన సహజంగా పల్లానికి పారుతుంటే కింది నేలవాడు అడ్డుకోరాదని, నేలకు పక్క నేల ఇచ్చే ఆసరా తీసెయ్యరాదని అందులో ఉంది. అవ్వ చదువుకోకపోయినా అడిగిన ప్రశ్న చట్టంలో ఉన్నదే.

కనుక మీ పక్కన ఎవరైనా ఇల్లు బాగు చేయిస్తుంటే, మొహమాటపడకుండా మూడు సంగతులు అడగండి. వాన నీళ్ళు ఏ పక్కకు మళ్ళిస్తారు? పునాది ఎంత లోతు తవ్వుతారు, తవ్వినన్నాళ్ళూ మధ్య గోడకు ఆసరా ఏమిటి? పాత గోడ మీద కొత్త అంతస్తు బరువు ఆగుతుందని ఇంజనీరు చూసి చెప్పాడా? పని మొదలుకాకముందు మీ గోడలకు ఫోటోలు తీసి పెట్టుకోండి. జవాబు రాకపోతే మునిసిపల్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి. నోటిమాట గాలికి పోతుంది.

ఇల్లు బాగు చేయించేది మీరే అయితే, ఆఫీసుకు వెళ్ళే ముందు ప్లాను పట్టుకుని ఒకసారి పక్కింటి గడప ఎక్కండి. కాఫీ ఇస్తే తాగండి, ఇవ్వకపోయినా చూపించండి. అర్ధరాత్రి ఏరు పొంగితే అనుమతి ఇచ్చిన అధికారి మన తలుపు తట్టడు. తట్టేది పక్కింటివాళ్ళే.