గేర్ల సైకిల్‌కు తొవ్వ ఇస్తరు సరే, మేకల మందకు ఎవలిస్తరు?

డిచ్‌పల్లి, ఇందల్వాయి, సిర్నాపల్లి దిక్కు గుట్టలల్ల తొవ్వలకు కరువు లేదు. మేకలు తొక్కిన బాటలున్నయి, తునికాకు కోతకు పోయే బాటలున్నయి, అగ్గి వ్యాపించకుండ ఫారెస్టోళ్లు గీసిన ఫైర్ లైన్లున్నయి. ఇన్నేండ్లు ఆ తొవ్వలను ఎవలూ పట్టించుకోలేదు. ఇప్పుడు పట్నపోళ్ల దగ్గర గేర్ల సైకిళ్లు ఎక్కువైనయి, శని ఆదివారాలు అడవిల తొక్కుదామనే సోకు కూడ పెరిగింది. దాంతోటి గవే తొవ్వలకు ‘ట్రయల్’ అని కొత్త పేరు వచ్చింది. పేరు మారితే ధర మారుతది. ధర మారితే హక్కుదారు కూడ మారుతడు. అసలు ముచ్చట ఇదే.

మౌంటెన్ బైకింగ్ అంటే యూట్యూబ్‌ల గుట్ట మీదికెళ్లి దుంకేటోళ్లే యాదికొస్తరు. అది వేరే కత. ఈ ఆట పుట్టిందే పాత సైకిళ్ల మీద. అమెరికాల కాలిఫోర్నియా దిక్కు మారిన్ అనే జాగల కొందరు పోరగాళ్లు పాత లావు టైర్ల సైకిళ్లు సదురుకొని, ఫైర్ లైన్ లాంటి మట్టి రోడ్డు మీద కిందికి పందెం పెట్టుకున్నరు. మొదటి పందెం 1976 అక్టోబర్ 21న. దిగేసరికి బ్రేకుల గ్రీజు కాలి పొగ వచ్చేది, మళ్ల గ్రీజు నింపాల్సి వచ్చేది. అందుకే ఆ పందానికి ‘రీప్యాక్’ అని పేరు పడ్డది. ఇరవై ఏండ్లకు, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌ల అది మెడల్ ఇచ్చే ఆట అయింది. పాత అట్లాస్ సైకిల్ మీద చెరుకు గడలు కట్టుకొని గతుకుల బాటల తొక్కిన మన తాతలకు ఎవలూ మెడల్ ఇయ్యలే, అది వేరే సంగతి.

ఇప్పుడు మనకు కావల్సింది దుంకే తొవ్వ కాదు, అలకటి తొవ్వ. దానికి లెక్క ఉన్నది. ఇంబా అని, అంతర్జాతీయ మౌంటెన్ బైసికిలింగ్ సంఘం ఒకటున్నది. వాళ్ల గుర్తులల్ల పచ్చ గుండ్రం ఉంటే అలకటి తొవ్వ అన్నట్టు. వెడల్పు మూడు అడుగులు ఉంటే సాలు. సగటున 100 అడుగులు పోతే ఎత్తు 5 అడుగులు దాటొద్దు, ఎంత నిటారున్న తునక అయినా 15 దాటొద్దు. తప్పించుకోరాని రాయి, వేరు ఏదైనా ఉంటే రెండు అంగుళాల కంటె ఎత్తు ఉండొద్దు. అంతే. జేసీబీ వద్దు, సిమెంటు వద్దు, టైల్స్ అసలే వద్దు. పార, గడ్డపార, కొడవలి పట్టిన చేతులు సాలు. ఉపాధి పనిల కందకం తవ్విన ఏ ఆడామెకైనా గుట్టకు అడ్డంగ వాలు ఎట్ల తియ్యాల్నో ఇంజనీరు కంటె మంచిగ ఎరుక.

తొవ్వను ఖరాబు చేసేది సైకిల్ కంటె ఎక్కువ నీళ్లు. గుట్టకు నిలువుగ తొవ్వ తీస్తే వానకు అదే వాగు అయితది. రెండు వానకాలాలు పోతే మోకాలు లోతు గండి పడ్తది. అడ్డంగ తీసి, నడుమ నడుమ కొద్దిగ వంపు పెట్టి నీళ్లను పక్కకు ఇడిస్తే ఏండ్లకేండ్లు నిలుస్తది. నేల కూడ సూడాలె. డిచ్‌పల్లి దిక్కు ఎర్ర చెల్క, మొరం. వాన వెలిసినంక జల్ది ఆరుతది. బోధన్ దిక్కు నిజాంసాగర్ కాల్వ కింద నల్లరేగడి. వాన పడ్డంక సైకిల్ రెండు గజాలు పోతే చక్రం మట్టి ముద్ద అయితది, ఎద్దులే దిగబడ్తయి. అంటే ఈ ఆటకు మనదిక్కు సరైన జాగ గుట్టలే, కాలం దసరా దాటినంక మాఘం దాక. ఎండకాలం అడవిల అగ్గి భయం, వానల తొవ్వ ఖరాబు. ఈ నాలుగైదు నెలలే గిరాకి ఉంటదని లెక్క కట్టుకున్నోడే నిలుస్తడు.

నిజామాబాద్ పక్కన మల్లారం అడవి ఉన్నది. టౌన్‌కు ఏడెనిమిది కిలోమీటర్లు. వాచ్ టవర్ ఉన్నది, మట్టి బాటలున్నయి. 145 కోట్ల ఏండ్ల బండ ఉన్నదని టూరిజమోళ్లు గొప్పగ చెప్తరు. అది రిజర్వు ఫారెస్టే కానీ అభయారణ్యం కాదు. పోచారం వేరు. దాన్ని 1952లనే అభయారణ్యం చేసిన్రు, సుమారు 130 చదరపు కిలోమీటర్లు. అక్కడ 1972 వన్యప్రాణి చట్టం నడుస్తది, అనుమతి లేకుండ లోపలికి పోరాదు. కవ్వాల్ 2012ల టైగర్ రిజర్వు అయింది. అక్కడ సైకిల్ ముచ్చట తియ్యకుంటేనే మంచిది. ఈ తేడా తెల్వకుండ ‘అడవిల సైకిల్ సఫారీ’ అని రీల్ పెట్టి కేసుల పడొద్దు తమ్మీ. ఇందల్వాయి దిక్కు చిరుతలు కూడ తిరుగుతయి. మబ్బుల, పొద్దుగూకే యాళ్ల తొవ్వ దానిది. పొద్దెక్కినంక మనది.

ఇగ చట్టం సంగతి. 1980 అటవీ చట్టాన్ని కేంద్రం 2023ల మార్చింది. డిసెంబర్ 1 నుంచి అమలుల ఉన్నది. ఫారెస్టోళ్ల వర్కింగ్ ప్లాన్‌ల రాసి ఉన్న ఎకో టూరిజం సౌలత్‌లను ‘అడవి కాని పని’ కింద లెక్క కట్టొద్దని అండ్ల ఉన్నది. మీద దేశమంత కోర్టుకు పోయిన్రు. 2024 ఫిబ్రవరిల సుప్రీంకోర్టు జూలు, సఫారీలు పెట్టాలంటే ముందుగాల మా దగ్గరికి రావాలె అని మధ్యంతర ఆర్డర్ ఇచ్చింది. సైకిల్ తొవ్వ జూ కాదు, సఫారీ కూడ కాదు. అందుకే అది ప్లాన్ కాయితంల ఒక్క లైనుతోటి వచ్చేస్తది. ఆ లైను ఎవలు రాస్తరు, ఊరోళ్లను అడిగి రాస్తరా అనేదే కొట్లాట.

ఎందుకంటే హరితహారం పేరు మీద 2015 నుంచి మొక్కలు పెట్టిన్రు, మంచిదే. గనీ అడవి హద్దుల పొంట కందకాలు కూడ తవ్విన్రు. మేక దాటితే జుర్మానా, గొడ్డు దాటితే జుర్మానా. రేపు గదే కందకం మీద చిన్న వంతెన కట్టి, టిక్కెట్ తీసుకొని సైకిల్‌ను పంపుతరు. మేక తింటది కదా, సైకిల్ తినదు కదా అంటరు. నిజమే, మేకల మందతోటి లేత మొక్కలకు నష్టం ఉంటది, అబద్ధం ఆడనవసరం లేదు. అయితే దానికి మందం వంతులు పెట్టుకోవచ్చు, కొత్త ప్లాంటేషన్‌ను కొన్నేండ్లు బంద్ పెట్టొచ్చు. గొల్ల కురుమలు ఎన్నో తరాల నుంచి అదే తొవ్వల మందలు తోల్కపోతున్నరు. 2006 అటవీ హక్కుల చట్టంల మేపుకునే హక్కు కూడ ఉన్నది. తండా లంబాడోళ్లు ఎస్టీలు కాబట్టి 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి అడవి మీద బతుకుతున్నమని చూపెడితే సాలు. ఎస్టీ కానోళ్లు మాత్రం 75 ఏండ్ల నుంచి ఉన్నమని రుజువు తేవాలె. మేకల కాపరి తాతకు నిజాం కాలం కాయితం ఏడికెళ్లి వస్తది? గ్రామసభల ముసలోళ్ల వాంగ్మూలం కూడ సాక్ష్యమే అని రూల్స్‌ల ఉన్నది. వాడుకున్నోళ్లు తక్కువ.

ఊరి చేతికి వస్తే నడుపుతరా అంటే, నడిపినోళ్లున్నరు. అప్పటి తూర్పుగోదావరి జిల్లా మారేడుమిల్లిల వలమూరు దగ్గర జంగిల్ స్టార్ క్యాంపు వన సంరక్షణ సమితి చేతుల నడిచింది. బొంగుల చికెన్ తిననీకె పోయినోళ్లకు ఆ పేరు ఎరుకే. సర్కారు చేతులనే పెడితే ఏమైతదో వేల్స్ దేశం చూపెట్టింది. అక్కడ కోయిడ్ ఎ బ్రెనిన్ అడవిల 1990లల్లనే ప్రత్యేకం సైకిల్ తొవ్వలు తీసిన్రు, బ్రిటన్‌ల అదే మొదటిది. చుట్టు ఊర్ల లాడ్జీలు, రిపేర్ షాపులు దాని మీదనే బతికినయి. 2025 మార్చిల సర్కారు సంస్థ పైసలు లేవని అక్కడి క్యాంటీన్, దుకాణం బంద్ పెట్టింది. ఊరోళ్లు మేమే నడుపుకుంటం ఇయ్యిన్రి అని అడిగిన్రు.

మన సర్కారుకు సైకిల్ అంటే ఇప్పటిదాక హైదరాబాదే. ఓఆర్ఆర్ పక్కన సోలార్ రేకుల నీడల 23 కిలోమీటర్ల ట్రాక్ 2023 అక్టోబర్‌ల తెరిచిన్రు. కొత్తగూడల పాలపిట్ట పార్కు ఉన్నది. డిచ్‌పల్లిల తెలంగాణ యూనివర్సిటీ 2006 నుంచి ఉన్నది, హాస్టల్ పిల్లలున్నరు, పక్కనే గుట్టలున్నయి, ఖిల్లా రామాలయం ఉన్నది. రైలు దిగితే ఊరే. కిరాయికి పది సైకిళ్లు, పంచర్ ఏసే ఒక్క పోరడు, తొవ్వ చూపెట్టే ఇద్దరు తండా పిల్లలు. మొదలువెట్టనీకె ఇంతకంటె ఎక్కువ అక్కర లేదు.

గ్రామసభల ఈ ముచ్చట వస్తే మూడు సంగతులు కాయితం మీద రాయించుకోవాలె. టిక్కెట్ పైసలల్ల ఊరికి ఎంత, అవి ఎవలి ఖాతాల పడ్తయి. గైడు పని ఊరి పిల్లలకేనా, లేక కాంట్రాక్టరు మనుషులకా. మంద పోయే తొవ్వ, సైకిల్ పోయే తొవ్వ ఒక్కటే అయిన కాడ ముందుగాల ఎవలు ఆగాలె. మూడోది చిన్నగ కొడ్తది గనీ, రేపు లొల్లి అయ్యేది అక్కడనే. సైకిలోడే దిగి నిలవడాలె, మంద పోయినంక ఎక్కాలె.