రైఫిల్ కొనే ముందు ఒక మాట



ఈమధ్య మన కుర్రాళ్ల ఫోన్లలో కొత్త షౌఖ్ ఒకటి చేరింది. ఫిన్లాండు టిక్కా టాక్ ఏ1 మేలా, అమెరికా రూగర్ ప్రెసిషన్ మేలా అని ఒకటే బహస్. వెంకటాచలంలో హైవే పక్కన టీ బంకు దగ్గర కూడా ఈ మాటలే విన్నాను. వెయ్యి మీటర్ల అవతల ఇనుప పలకను మోగించే తుపాకులవి. మజాగానే ఉంటుంది, కాదనను. వంద మీటర్ల దగ్గర గుళ్లన్నీ మూడు సెంటీమీటర్ల లోపల పడితే అది మంచి ఫ్యాక్టరీ రైఫిల్ అంటారు. అదే కోణం వెయ్యి మీటర్లకు పోయేసరికి సుమారు 30 సెంటీమీటర్లు. గాలి చేసే గడబిడ దానికి అదనం.

కానీ బేటా, అవి 1959 ఆయుధాల చట్టం కిందికి వస్తాయి. లైసెన్సు లేకుండా కొనడం, దగ్గర ఉంచుకోవడం జుర్మ్. కాబట్టి ఆ బహస్ మనకు వీడియో తమాషాయే.

అసలు బారీకీ చూడాలంటే పది మీటర్ల ఎయిర్ రైఫిల్ చూడండి. అక్కడ పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు! హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఈ ఆటలోనే. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 0.177 బోరు, 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు.

ఇక ఏది కొనాలి? వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, అన్‌షుట్జ్ మూడూ జర్మనీవే. ధర లక్షల్లో. నా రాయ్ అడిగితే, మొదటి ఏడాది ఈ మూడింటి ఫరక్ మన పిల్లలకు తెలియదు. బుగ్గ ఆనించే పలక, భుజానికి తగిలే మడమ ఆ పిల్లవాడి ఒంటికి సరిపోయాయా అన్నదే ముఖ్యం. నియమం ప్రకారం రైఫిల్ బరువు 5.5 కిలోల దాకా ఉండొచ్చు. పన్నెండేళ్ల పిల్ల నిలబడి 60 సార్లు కాల్చాలంటే ఆ బరువు చిన్నది కాదు. పెల్లెట్లలో కూడా 4.49, 4.50 అని తల కొలతలుంటాయి. ఏ డబ్బాలోవి ఏ గొట్టానికి నప్పుతాయో కాల్చి చూసుకోవాల్సిందే. కసుమూరు దర్గా ఉర్సులో బెలూన్ల తుపాకీ ఎందుకు గురి తప్పుతుందంటారు? అరిగిన గొట్టం, సొట్టపడ్డ పెల్లెట్లు. మన కిస్మత్ మీద తోసేస్తాం.

ఇక ఇళ్లలో పైకి అనని మాట ఒకటుంది. "మన పిల్లోడి చేతిలో రైఫిలా? ఎవరైనా చూస్తే?" ఈ ఖౌఫ్ వట్టిదని నేననను. అందుకే వాట్సాప్ స్టేటస్‌లో రైఫిల్ ఫోటో పెట్టే తమాషా వద్దే వద్దు. కొన్న బిల్లు జాగ్రత్తగా దాచండి, క్లబ్బు కార్డు జేబులో ఉంచండి, ప్రాక్టీసు రేంజిలోనే. అంతేగానీ, భయంతో ఆటనే వదిలేస్తే నుక్సాన్ మనకే. మేరాజ్ అహ్మద్ ఖాన్ 2022లో చాంగ్వాన్ ప్రపంచ కప్‌లో స్కీట్ స్వర్ణం తెచ్చాడు. తుపాకీ వేరు, హిమ్మత్ అదే. తీరందాజీ నేర్చుకోమని ప్రవక్త (స) ప్రోత్సహించారని, ప్రాణమున్న దాన్ని నిషానాగా పెట్టుకోవడం మనా చేశారని ఆలిములు చెబుతారు. కాగితం మీది చుక్కకు ఏ దోషమూ లేదు.

ఆడపిల్లల అమ్మీలకు ప్రత్యేకంగా చెబుతున్నాను. ఈ ఆటలో దుస్తులు ఒళ్లంతా కప్పేవే, హిజాబ్ అడ్డు రాదు. లండన్ ఒలింపిక్స్‌లో ఖతర్ జెండా మోసిన బహియా అల్ హమద్ ఎయిర్ రైఫిల్ షూటరే. మలేషియా నుంచి నూర్ సూర్యాని ఎనిమిది నెలల గర్భంతో అదే పోటీలో నిలబడింది. మన దాదీలు వింటే ఏమంటారో గానీ!

దగ్గర్లో రేంజి దొరక్కపోతే చెన్నైకో హైదరాబాదుకో పోవాలి, అదే అసలు ముష్కిల్. సెలవుల్లో ఒక నెల అక్కడి క్లబ్బు రైఫిల్‌తో కాల్చనివ్వండి. కోచ్ చెప్పాక, పిల్ల భుజం కొలత తీసుకున్నాక, అప్పుడు డబ్బు తీయండి.