క్రిస్మసు సెలవులును కాంగ్రెసు మహాసభయును

క్రీస్తు జన్మోత్సవమునకును భారత జాతీయ మహాసభకును సంబంధమేమి? మతదృష్టితో జూచిన నేమియు లేదు. అయినను 1885 మొదలు 1929 వరకు కాంగ్రెసు వార్షిక సమావేశములు దాదాపుగా నన్నియు క్రిస్మసు సెలవులలోనే జరిగినవి. ఈ యాచారమెట్లు పుట్టెనో తెలిసికొనదగియున్నది.

1885 మార్చిలో హ్యూము ప్రభృతులు పంపిన యాహ్వానమున, డిసెంబరు 25 మొదలు 31 వరకు పూనాలో సభ జరుగునని యుండెను. పూనాలో కలరా వ్యాపించుటచే సభ బొంబాయిలోని గోకులదాసు తేజపాలు సంస్కృత కళాశాలకు మారినది. స్థలము మారినది గాని వారము మారలేదు. డిసెంబరు 28వ తేదీన 72 గురు ప్రతినిధులు కూడిరి. అధ్యక్షుడు ఉమేశచంద్ర బెనర్జీ కలకత్తా హైకోర్టు బారిష్టరు.

కారణము సులభగ్రాహ్యమే. నాటి కాంగ్రెసుకు ప్రాణము ప్లీడర్లు, ఉపాధ్యాయులు, పత్రికాధిపతులు. కోర్టులకును కళాశాలలకును ఒక్కమారుగా సెలవు దొరకునది క్రిస్మసుకే. కక్షిదారుని పని చెడకుండ వకీలును, పాఠములు చెడకుండ పంతులును దూరదేశమునకు రైలెక్కి పోగలిగిరి. దొరలు తమ పండుగకై యిచ్చిన సెలవును దొరతనమునే ప్రశ్నించుటకు వినియోగించుకొనిన యా పెద్దల యుక్తి మెచ్చదగినదే.

కాని యీ యేర్పాటున నొక లోపము కలదు. డిసెంబరు కోర్టునకు విశ్రాంతి. కృష్ణా గోదావరి మండలముల రైతునకు వరికోతల కాలము. 1923 డిసెంబరులో మన కాకినాడలో మహాసభ జరిగినప్పుడును పొలము పిలుపు వేరు, పందిరి పిలుపు వేరు. ఇక నుత్తరదేశమున బీదవానికి చలియే శత్రువు.

ఈ సత్యమును 1929లో లాహోరు మహాసభ గుర్తించినది. పూర్ణస్వరాజ్య తీర్మానమును లోకమెరుంగును. ఆ సభయే చేసిన మరియొక తీర్మానమును ఎరిగినవారరుదు. డిసెంబరు సభలు బీదలకు చలిబట్టల వ్యయమును ఇబ్బందిని కలిగించుచున్నవి గావున, ఇకమీద ఫిబ్రవరి మార్చిలలో జరుపవలెనని యందు నిర్ణయించిరి. తరువాతి మహాసభ 1931 మార్చిలో కరాచీలో జరిగెను. 1936లో ఫైజుపూరు సభ మరల డిసెంబరుననే కూడెను. కాని యది పల్లెపట్టున జరిగిన తొలి మహాసభ.

మా వకీళ్ల తరగతిని నిందించుట నా యుద్దేశము గాదు. వారు లేనిచో మహాసభయే లేకుండెడిది. అయినను తేదీని నిర్ణయించువాడే సభికులను గూడ నిర్ణయించుచున్నాడను సంగతి మరువరాదు. నేటికిని మన సభలు ఉద్యోగుల తీరికనుబట్టి యేర్పడుచున్నవి. పిమ్మట కూలివాడు రాలేదేమని మనమే యాశ్చర్యపడుచున్నాము. ప్రజల పేర సభ చేయదలచినవారు ముందుగా పంచాంగమును గాదు, ప్రజలనే యడుగవలయును: “అయ్యా, మీకు తీరిక యెప్పుడు?” అని.