మూడో వరుసలో నిలబడ్డ పిల్ల పేరేమిటి?

మన మిషన్ బడుల జూబిలీ సంచికలు నాలుగు తిరగేసిన వారికి ఆ వరస కంఠతా వచ్చేస్తుంది. మొదట బిషప్‌గారి ఆశీస్సులు. తర్వాత మంత్రిగారి సందేశం, ఎమ్మెల్యేగారి సందేశం, కరస్పాండెంటుగారి నిలువెత్తు ఫోటో. ఆ వెనకే స్థాపకులైన దొరగారు, దొరసానమ్మగారు. వారు పుట్టిన ఊరు, ఓడ ఎక్కిన రోజు, పునాదిరాయి వేసిన ముహూర్తం అన్నీ తేదీలతో సహా ఉంటాయి. చివర్లో నగల కొట్టు ప్రకటనకూ టెంట్ హౌస్ ప్రకటనకూ మధ్య ఒక పాత గ్రూప్ ఫోటో. దాని కింద రెండే మాటలు: పూర్వ విద్యార్థులు. నలభై మంది పిల్లలుంటారు. ఒక్కరికీ పేరుండదు.

దీన్ని బడి చరిత్ర అంటే మేము ఒప్పుకోం. ఇది యాజమాన్యం చరిత్ర. బడి అంటే చదువుకున్నవాళ్ళు. వాళ్ళ పేర్లు లేని చరిత్ర పెళ్ళికొడుకు లేని పెళ్ళి ఆల్బమ్ లాంటిది.

కోలారు బంగారు గనుల సంగతే తీసుకుందాం. ఆ పట్టణం బేతమంగళ చెరువు నీళ్ళు తాగి పెరిగింది. పాలారు మీది ఆ చెరువు గనులకు నీళ్ళిస్తే, చుట్టుపక్కల పల్లెలూ, చిత్తూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతాలూ మనుషుల్ని ఇచ్చాయి. వారిలో ఎక్కువమంది దళితులు. ఊళ్ళో చెప్పు తొడుక్కుని నడవనివ్వని మనుషులు భూమిలోకి మూడు కిలోమీటర్లు దిగారు. 1880లో జాన్ టేలర్ కంపెనీ అడుగు పెట్టినప్పటి నుంచి 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడే దాకా తీసిన బంగారం సుమారు 800 టన్నులని లెక్క చెబుతారు. బంగారానికి లెక్క ఉంది. దాన్ని తీసినవాళ్ళ పిల్లలు ఏ బడిలో ఏ బెంచీ మీద కూర్చున్నారు, ఎవరు మూడో తరగతిలోనే పలక పక్కన పెట్టి పనిలోకి వెళ్ళారు, ఆ లెక్క ఎవరు చెప్పాలి?

1901లో నందిదుర్గ్ గని దగ్గర ఇంగ్లీషు బడి మొదలైంది, కంపెనీలో పనిచేసే తెల్లవారి పిల్లల కోసం. 1904లో తార్బ్ సెయింట్ జోసెఫ్ సిస్టర్లు కాన్వెంటు తెరిచారు, ఐరోపా, ఆంగ్లో ఇండియన్ ఆడపిల్లల కోసం. మొదటి రోజు 22 మంది పిల్లలు. ఆ సంఖ్య మనకెలా తెలుసు? ఎవరో లెక్కపెట్టి రాసి, ఆ కాగితాన్ని జాగ్రత్త చేశారు గనక. అదే సిస్టర్లు 1933లో రాబర్ట్‌సన్‌పేటలో సెయింట్ తెరెసా బడినీ, మరో పదేళ్ళకు కోరమాండల్‌లో సెయింట్ సెబాస్టియన్ బడినీ పెట్టారు. కన్నడం, తమిళం కూడా నేర్పారు. అలా బడి గేటు కొద్దికొద్దిగా తెరుచుకుంది. ఆ గేటులోంచి మొదట లోపలికి వచ్చిన గని కూలీ బిడ్డ ఎవరు? తెలుగు మాట్లాడే ఇంటి నుంచి వచ్చి, కన్నడంలో పాఠం విని, తమిళంలో ఆడుకుని, ఇంగ్లీషులో ప్రార్థన అప్పజెప్పిన ఆ బిడ్డ పేరు ఏమిటి? మీ దగ్గర జూబిలీ సంచిక ఉంటే తీసి వెతకండి.

మైసూరు సంస్థానంలో విద్యాశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా పనిచేసినవాడు మన కట్టమంచి రామలింగారెడ్డిగారు. "ముసలమ్మ మరణం" రాసిన కవిగా, ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదటి ఉపాధ్యక్షుడిగా ఆయన్ని పాఠాల్లో చదువుకున్నాం. పంచముల పిల్లలను ప్రభుత్వ బడుల్లో చేర్చుకోవాలని 1910ల చివర్లో ఆయన పట్టుబట్టిన సంగతి మాత్రం పాఠాల్లో అంతగా కనబడదు. చిత్తూరు జిల్లావాడు, కోలారుకు పొరుగువాడు. సరే, ఆర్డరు వేసినవాడి పేరు మనకు తెలుసు. ఆర్డరు పట్టుకుని గుమ్మం తొక్కిన పిల్లవాడి పేరు ఆ బడి అడ్మిషన్ రిజిస్టరులో తప్ప మరెక్కడా ఉండదు. ఆ రిజిస్టరు ఇప్పుడు ఏ బీరువాలో ఉంది, చెదలు ఎంతవరకు వచ్చాయి, ఇదీ మన ప్రశ్న.

గనులు మూతపడ్డాక మనుషులు చెదిరిపోయారు. తెల్లవారుజామున మారికుప్పం నుంచి బెంగళూరు రైలెక్కి, రాత్రి పొద్దుపోయి ఇల్లు చేరే తరం తయారైంది. కొందరు బెంగళూరులోనే ఉండిపోయారు. క్వార్టర్లు ఖాళీ చేసి వెళ్ళేటప్పుడు ట్రంకు పెట్టెలో ఏం పడుతుందో అదే వెళ్తుంది. నాన్న గని టోకెను, అక్క ఏడో తరగతి గ్రూప్ ఫోటో, సండే స్కూలు బహుమతి బైబిలు, ఒక టీసీ. ఆ పెట్టెలు తెరిచే పిల్లలకు అందులో ముఖాలెవరివో తెలియని రోజు దగ్గర పడింది. బడి జ్ఞాపకం బీరువాలో సగం, ఈ పెట్టెల్లో సగం ఉంది. రెంటినీ ఒకచోట పెట్టి చూసే నాథుడు లేడు.

ఈలోగా ఆ ఊరి కథ సినిమావాళ్ళు చెప్పేశారు. గుట్టలుగా మిగిలిన సైనైడ్ మట్టి మీద కొంత షూటింగు జరిగిన సినిమా రెండో భాగం 2022 ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి రోజున విడుదలైంది. మన యవ్వనస్థులూ ఈలలు వేశారు, తప్పేం లేదు. అందులో కూలీలంటే ఒక వీరుడి కోసం ఎదురుచూసే గుంపు. నిజంలో అదే కూలీలు 1930లోనే వేలిముద్రల రిజిస్ట్రేషన్‌కు ఎదురుతిరిగి గనులన్నీ ఆపేశారు. ఎవరో వచ్చి విడిపించే దాకా చేతులు కట్టుకుని కూర్చోలేదు. పేర్లున్న ఫోటోలు మన చేతిలో ఉంటే, ఏది కట్టుకథో మన పిల్లలే పట్టుకునేవారు.

ఇక్కడ మన సంఘాలకు ఒక చేదు మాట చెప్పాలి. కోలారు గనుల్లో జ్ఞాపకాన్ని భద్రం చేయడం ఎలాగో చేసి చూపించింది మిషన్లు కాదు, బౌద్ధులు. పండిత అయోతీదాసు 1914లో చనిపోయాడు. ఆయన రచనలను చిన్న చిన్న పుస్తకాలుగా అచ్చువేసి బతికించింది ఛాంపియన్ రీఫ్స్‌లోని సిద్ధార్థ పుస్తకశాల. దాని వెనక విదేశీ బోర్డు లేదు, డయోసిస్ లేదు. గని కార్మికుల మధ్య పుట్టిన ఉద్యమం తన మాటను తానే కాపాడుకుంది. 1999లో అయోతీదాసు రచనలు పెద్ద సంపుటాలుగా వచ్చి, దక్షిణాది దళిత చరిత్రనే తిరగరాయించాయి. కాగితం మిగిలింది గనక అది సాధ్యమైంది. కాంపౌండ్లు, ఆఫీసులు, గుమాస్తాలు, బీరువాలు అన్నీ ఉన్న మనం ఏం మిగిల్చాం?

ఇలా అడిగితే పెద్దలు కొందరికి కోపం వస్తుంది. "క్రీస్తులో కులం లేదు గదా, పాత రిజిస్టర్లు తీసి ఎవడి తండ్రి ఏ పని చేశాడో, ఎవడిది ఏ వాడో ఇప్పుడెందుకు తవ్వడం?" అంటారు. వినడానికి ఎంతో ఆత్మీయంగా ఉండే మాట ఇది. కానీ సమాధుల తోటలో వరసలు వేరుగా ఉన్నప్పుడు ఈ మాట గుర్తురాదు. పెళ్ళి సంబంధం దగ్గర గుర్తురాదు. కమిటీ ఎన్నికల్లో అసలే గుర్తురాదు. చరిత్ర రాసే రోజునే గుర్తొస్తుంది. కులాన్ని తుడిచేసే ధైర్యం లేక కులం రాసిన కాగితాన్ని తుడిచేస్తామంటే, లాభం ఎవరికో మేము విడమరిచి చెప్పనక్కర్లేదు.

పైగా ఆ కాగితం వట్టి జ్ఞాపకం కాదు, సాక్ష్యం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా షెడ్యూల్డు కులాల హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులు ఇంకా బయటే ఉన్నారు. మతంతో ముడిపెట్టవద్దని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో చెప్పింది. 2004 నుంచి సుప్రీం కోర్టులో కేసు నడుస్తూనే ఉంది. 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేశారు. ప్రతిసారీ అడిగే ప్రశ్న ఒకటే: మతం మారాక కూడా మీ వెనకబాటు మారలేదనడానికి రుజువేది? రుజువు మన బడుల్లోనే ఉంది. తండ్రి వృత్తి అనే గడిలో వరసగా కూలీ, కూలీ, కూలీ అని రాసి ఉంది. బడి మానిన కారణం అనే గడిలో పనిలో చేరాడు అని రాసి ఉంది. ఆది ద్రావిడ క్రైస్తవుడు, ఆది ఆంధ్ర క్రైస్తవుడు అని గుమాస్తా చేత్తో రాసిన మాటే ఉంది. బాప్తిస్మం తర్వాత కూడా కులం ఆ బిడ్డ వెంటే బడిదాకా నడిచి వచ్చిందనడానికి అంతకంటే ఏం కావాలి? అలాంటి రిజిస్టరును పాత పేపర్లతో కలిపి తూకానికి వేసే హెడ్మాస్టరు తన చేత్తో మన కేసు కొట్టేస్తున్నాడు.

ఫోటో కూడా సాక్ష్యమే, చదవడం వస్తే. కుర్చీల్లో ఎవరు, నేల మీద ఎవరు? ఎవరి కాళ్ళకు బూట్లు, ఎవరి కాళ్ళు దుమ్ములో? బోర్డింగు పిల్లల బట్టలన్నీ ఒకే తాను గుడ్డవి, డేస్కాలర్లవి కావు. ఒక చివర, ఫ్రేములోకి సగమే వచ్చిన ఆయమ్మ. వంటాయన, బైబిలు స్త్రీ, గంట కొట్టే తాత ఏ ఫోటోలోనూ మధ్యలో ఉండరు. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారి మిషన్ ఫోటోల భాండాగారాన్ని ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్‌లో చూడవచ్చు. చూడండి. మిషనరీల పేర్లు ఇంటిపేర్లతో సహా ఉంటాయి. మనవాళ్ళు చాలాచోట్ల దేశీయ బాలికలు, దేశీయ క్రైస్తవులు, అంతే. ఆ దొరలను తిట్టడం మా ఉద్దేశం కాదు. ఫోటో తీసి దాచినందుకు వారికి దణ్ణం పెట్టాల్సిందే. వారికి మన పేర్లు పలకడం రాలేదనుకుందాం. వాళ్ళు వెళ్ళిపోయి ఇన్నేళ్ళయింది గదా, మన కమిటీలకు ఏమొచ్చింది?

నెహెమ్యా మూడో అధ్యాయాన్ని మన ప్రసంగీకులు సాధారణంగా దాటేస్తారు, పేర్లు ఎక్కువని. యెరూషలేము గోడ ఎవరెవరు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా కట్టారో ఆ అధ్యాయం ఇంటింటి లెక్క చెబుతుంది. అందులో కంసాలులున్నారు, వర్తకులున్నారు. షల్లూము, అతని కూతుళ్ళూ ఉన్నారు. పనికి మెడ వంచని తెకోవా పెద్దల సంగతీ దాచలేదు. అది అసలైన సావనీరు. మనం గోడ మీద పాలరాయి బిగించి, రిబ్బను కత్తిరించినవారి పేరు చెక్కిస్తాం.

ఇంత చెప్పాక చేతిపని సంగతి చెప్పకపోతే మా మాటకు విలువుండదు. ఫోటోను లామినేషన్ చేయించకండి. వేడికి అంటుకున్న ఆ ప్లాస్టిక్ మళ్ళీ ఊడదు, ఊడదీస్తే బొమ్మ పోతుంది. చిరిగినచోట సెల్లోటేపు వేయకండి, పదేళ్ళకు పసుపు మరక మిగులుతుంది. జిగురు పేజీల ఆల్బములో ఉన్నవాటిని బయటికి తీయగలిగితే తీయండి, అంటుకుపోయి ఉంటే ఆల్బముతోనే ఫోటో తీయండి. వెనక బాల్‌పెన్నుతో రాయవద్దు, మెత్తని పెన్సిలుతో రాయాలి. స్కానరు ఉంటే 600 డీపీఐలో స్కాన్ చేయండి. లేకపోతే నీడపట్టున, ఫ్లాష్ లేకుండా ఫోను చాలు, వెనకవైపు కూడా తీయండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే సగం వివరం పోతుంది, డాక్యుమెంటుగా పంపండి. మూడు నకళ్ళు మూడు చోట్ల ఉండాలి, అందులో ఒకటి బడి బయట. ఎందుకంటే కరస్పాండెంటు మారితే బీరువా తాళమూ మారుతుంది.

అయితే ఇల్లు అలకగానే పండగ కాదు. స్కాను చేయడం సులువు, పేరు పట్టుకోవడం కష్టం. ఒకే మనిషికి ఇంట్లో చిన్నప్ప, రిజిస్టరులో జోసెఫ్, గనిలో ఒక నంబరు. బడి రిజిస్టరునూ సంఘం బాప్తిస్మపు పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తేగానీ తేలదు. ఇంకో జాగ్రత్త: బతికున్నవాళ్ళ కులం, మార్కులు, చిరునామా ఉన్న పేజీలను అందరికీ కనబడేలా పెట్టడం తప్పు. పేజీ భద్రం చేయడం వేరు, పంచడం వేరు. ఎవరు చూడవచ్చో ఆ కుటుంబాలనే అడగాలి. రిజిస్టరు బడిదే కావచ్చు, అందులోని బతుకు మాత్రం వాళ్ళది.

యాజమాన్యాలను మేము అడిగేది మూడు సంగతులు. ఏ రికార్డూ సంఘానికి చూపించకుండా పారేయకూడదు. జూబిలీ ఖర్చులో ఆర్చీకి, షామియానాకు, శాలువాలకు పెట్టేదానిలో పదో వంతు ఈ పనికి ఇవ్వాలి. దశమభాగం అంటే ఏమిటో మనకు కొత్తగా నేర్పక్కర్లేదు. ఇక పేరు లేని పిల్లల ఫోటోను ఏ సంచికలోనూ అచ్చువేయకూడదు. పేర్లు దొరక్కపోతే, దొరకలేదు, తెలిసినవారు చెప్పండి అని కిందే అడగాలి.

యవ్వనస్థులారా, మీకు కమిటీ తీర్మానం అక్కర్లేదు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఒక్క గ్రూప్ ఫోటో తీసుకెళ్ళి, డెబ్భై దాటిన అవ్వ ఎవరైనా ఉంటే ఆమె ముందు పెట్టండి. ఫోనులో రికార్డింగు నొక్కి, మూడో వరుసలో ఎడమ నుంచి అయిదో పిల్ల ఎవరవ్వా అని అడగండి. ఆమె చెప్పింది రాసుకోండి. తప్పు చెబితే పక్కనున్న అవ్వ ఊరుకోదు, సరిదిద్దుతుంది. ఆ దిద్దుబాటు కూడా రాసుకోండి.