ఎన్నికలా, కోడిపందెములా?

2024 మే 13వ తేదీన ఆంధ్రప్రదేశమున లోక్‌సభకును శాసనసభకును ఓట్లు పడినవి. లెక్కించినది జూన్ 4న. నడుమ నున్న మూడు వారములలో రచ్చబండలయందును కాఫీ హోటళ్లయందును మేము వినిన చర్చ యంతయు నొక్కటే: ఎవరికెన్ని స్థానములు, ఎంతకెంత పందెము? గెలిచినవారు చేయవలసిన దేమని యడిగినవాఁడు కానరాఁడయ్యెను.

జోస్యముల మాట చెప్పనేల! దేశమున పాలక కూటమికి 350కి పైగా స్థానములు వచ్చునని పెక్కు అంచనాలు పలికినవి, వచ్చినవి 293. 2004లోను ఇట్లే తలక్రిందయ్యెను.

పందెపు టొప్పందము చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టము 30వ సెక్షను చెప్పుచున్నది. గెలిచినవాఁడు దావా వేసినను డిక్రీ రాదు. (గుఱ్ఱపుపందెముల పెద్ద బహుమతులకు మాత్రము మినహాయింపు కలదు, దొరల వినోదము గదా!) అయినను ఓడినవాఁడు పరువునకు జంకి పొలమమ్మియైనను చెల్లించును. అంతకంటె ఘోరము వేఱొకటి కలదు. ఓటునకు ముందే లక్ష కాచినవాఁడు తన యభ్యర్థి అయోగ్యుఁడని తెలిసినను అతని యోటమిని కోరఁజాలఁడు. ఆ యోటు ఎవరిది? వానిదా, పందెముదా?

2029లో మరల ఎన్నికలు రావలసియున్నవి. పఠనమందిరములవారు “ఎవరు గెలుతురు?” అను చర్చను కట్టిపెట్టి, 2024లో గెలిచినవారి వాగ్దానపత్రములను బల్లపైఁ బెట్టి చదివింపవలెనని కోరుచున్నాము.