పాత కుట్టుమిషనుకు తగిన భాగము

గతమాసమున మా పొరుగింటి పెద్దమ్మగారు తమ కాలిమిషనును పాతయినుము కొనువానికి తూచి యిచ్చుటకు సిద్ధపడిరి. అది వారి యత్తగారి నాటిది. దానిమీద రవికలు కుట్టియే యిద్దఱు బిడ్డలను చదివించిరి. “దీనికి ముసలితనము వచ్చినదమ్మాయీ! క్రిందిదారము ఉండలు కట్టుచున్నది. నాకును దీనికిని ఋణము తీఱినది” అని కంటతడి పెట్టుకొనిరి.

మేము మూత జరిపి చూచితిమి. మిషను 66 తరగతి సింగరు. దాని బాబినునకు రెండు ప్రక్కలును కొంచెము ఉబ్బుగా నుండవలెను. పాతది పోగా అంగడివా డిచ్చినది 15 తరగతి బాబిను. దాని ప్రక్కలు చదును. చూపునకు రెండును అక్కచెల్లెండ్రవలె నుండునే కాని, ఒకదాని యింట నొకటి కాపురము చేయజాలవు. మావారు పట్టణమునకు పోయినప్పుడు సరియైన బాబిను తెప్పించి పెట్టితిమి. మిషను మరల చక్కగా కుట్టసాగినది. కొద్ది రూపాయల వస్తువు మాఱినంతమాత్రమున నొక కుటుంబపు జీవనాధారము త్రాసెక్కవలసి వచ్చినది! జరాసంధుని చీలికలు తారుమారుగా పడుటచే నతుకుకొనలేదని పెద్దలు చెప్పగా విన్నాము గదా. యంత్రములకును నదియే న్యాయము.

కావున మొదట తెలిసికొనవలసినది మిషను పేరు గాదు, తరగతి. సింగరు మిషనుల పీటమీద నొక సంఖ్య యచ్చొత్తబడి యుండును. దానినిబట్టి యది పుట్టిన కాలమును, తరగతియు తెలిసికొనవచ్చును. స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంకు కర్మాగారమున తయారైనవానికి తరగతిసంఖ్య వెనుక ‘కె’ అక్షరము చేర్తురు. ఆ కర్మాగారము 1980లో మూతపడినది.

సంఖ్య చెఱిగిపోయినచో క్రిందిదార ముండు చోటును పరీక్షింపుడు. బాబిను విడదీయదగిన కేసులో నిలువుగా నిలిచియున్న నది 15 తరగతి. సూదియొద్ద మూత జరిపి, పైనుండి బాబినును పడుకోబెట్టునది 66. మగ్గపు నాడెను చిన్నదిగా చేసినట్లున్న షటిలు, ఊయలవలె వంపుగా నూగుచు, లోపల సన్నని పొడవైన కండె యున్నచో నది 27 గాని 28 గాని యగును. ఈ రెండింటికిని షటిలును కండెయు నొక్కటే.

15 తరగతి గలవారు భాగ్యవంతులు. ఉషా మొదలైన మనదేశపు మిషనులును, జపాను, చైనా దేశముల మిషనులును అనేకము ఆ మచ్చుననే తయారైనవి. కావున దాని బాబిను, కేసు, పాదము సామాన్యముగా పట్టణపు టంగళ్ళలో దొరకును. సూది విషయమున నీ నాలుగు తరగతుల వారికిని చింత లేదు. తల యొకప్రక్క చదునుగా నుండి, 15×1 అను గుర్తుగల సూది యన్నిటికిని సరిపడును. కాని 1865లో వెలువడిన 12 తరగతికి వేఱు సూది కావలెను. అది నేడు అరుదు. అట్టి మిషనును కొనదలచినవారు ముందుగా సూది దొరకునో లేదో విచారించుట మేలు.

పాదమును కొనునప్పుడు బిగించు విధమును చూడవలెను. 66 తరగతిలో తొలినాటివానికి పాదము వెనుకనుండి బిగియును, తరువాతివానికి ప్రక్కనుండి. స్క్రూల విషయమున మఱింత జాగ్రత్త వలయును. సింగరువారు వానికి తమ సొంత మరచుట్టును పెట్టిరి. ఇనుపకొట్టులోని స్క్రూ రెండుచుట్లు దిగి బిగిసినచో బలవంతము చేయరాదు. స్క్రూ పోయిన మఱియొకటి తెచ్చుకొనవచ్చును. పీటలోని మర చెడినచో నేమి చేయుదుము? తోలుబెల్టు మాత్రము సులభము. చక్రములచుట్టు కొలిచి, కోసి, తీగకొక్కెముతో కలిపిన చాలును.

అన్నిటికంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. విఱిగినదైనను పాతభాగమును పాఱవేయకుడు. అదియే మీకు కొలబద్ద. అంగడికి పోవునప్పుడు దానిని చెంగున ముడివేసికొని పొండు. క్రొత్తదానిని ప్రక్కన పెట్టి ఎత్తును, వెడల్పును, రంధ్రమును సరిచూచిన పిమ్మటనే సొమ్మీయుడు. దూరమునుండి తెప్పించువారు కొలబద్ద ప్రక్కన పెట్టి ఛాయాచిత్రము తీసి పంపుట మంచిది. “అన్నియు నొక్కటేనమ్మా” యను మాటను మాత్రము నమ్మకుడు.

పెద్దమ్మగారు ఆ చదును బాబినును పాఱవేయక మా తోడికోడలి కిచ్చిరి. ఆమెది 15 తరగతి మిషను. అచ్చట నది చక్కగా తిరుగుచున్నది.