అద్దె సైకిళ్ళ కొట్టు

పిల్లలూ! మీ తాతగారిని అడిగితే చెబుతారు: ఒకప్పుడు వూరూరా అద్దె సైకిళ్ళ కొట్టు వుండేది. గంటకింతని డబ్బిచ్చి సైకిలు తీసుకోవటం, పని చూసుకుని తిరిగి అప్పగించటం. కొట్టువాడు చక్రాల్లో గాలి చూసి, దాన్ని మరొకరికి యిచ్చేవాడు. పది సైకిళ్ళతో వూరంతటి పనీ గడిచిపోయేది. అలాకాక, సంతకు వెళ్ళే ప్రతివాడూ కొత్త సైకిలు కొని, యింటికి రాగానే దాన్ని పారేస్తే యెంత వెర్రిగా వుంటుంది! కంప్యూటరు ప్రోగ్రాములు రాయటం నేర్చుకునే కొత్తలో చాలామంది చేసే పని సరిగ్గా అదే. నేనూ చేశాను.

డేటాబేసు అంటే లెక్కలన్నీ పొందికగా దాచి, అడిగినదాన్ని వెతికి యిచ్చే ప్రోగ్రాము. అది తరచు యెక్కడో దూరాన మరొక కంప్యూటరులో వుంటుంది. దాన్ని ఒక్క ప్రశ్న అడగాలన్నా ముందు దారి యేర్పడాలి. ఆ దారినే కనెక్షను అంటారు. మన కంప్యూటరు "వున్నావా?" అంటుంది. అవతలిది "వున్నాను, నా మాట వినిపిస్తున్నదా?" అంటుంది. మనది "వినిపిస్తున్నది" అని బదులు చెప్పాలి. మధ్యలో యెవరూ వినకుండా యిద్దరూ రహస్యలిపి కుదుర్చుకోవాలి. ఆపైన పేరు, పాస్‌వర్డు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసు వున్నది. ఆ పని 1986లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మొదలైంది. అది వచ్చిన ప్రతి కనెక్షనుకూ విడిగా ఒక గుమాస్తాను కూర్చోబెడుతుంది. ఆ గుమాస్తాకు మెమరీలో చోటు కావాలి. ఇంతా చేసి మనం అడిగేది "ఫలానా పుస్తకం వున్నదా?" అని! జానెడు పనికి బారెడు తతంగం.

అందుచేత కొన్ని కనెక్షన్లను ముందుగానే తెరిచి వుంచుతారు. కావలసినవాడు ఒకటి తీసుకుని, ప్రశ్న అడిగి, తిరిగి యిస్తాడు. ఈ కొట్టు పేరే కనెక్షన్ పూల్. జావా భాషలో రాసేవాళ్ళకు హికారి అనే పూల్ వున్నది. జపాను భాషలో ఆ మాటకు వెలుగు అని అర్థం. మనం వేరే లెక్క చెప్పకపోతే అందులో 10 కనెక్షన్లుంటాయి. పదీ బయట వుంటే పదకొండవవాడు నిలబడాలి. 30 సెకన్లలో యేదీ తిరిగి రాకపోతే, లేదు పొమ్మంటుంది.

ఇక నా సంగతి. ఉద్యోగం చాలించాక నేను జావా నేర్చుకుని, మా గ్రంథాలయానికి ఒక ప్రోగ్రాము రాశాను. పుస్తకం నెంబరు కొడితే అది యెవరి దగ్గరున్నదో చెబుతుంది. ఇంటి దగ్గర ఫోనులో కూడా చూసుకోవచ్చు. పూల్ పెట్టాను కదా అని నాకు కొంచెం గర్వం కూడా. కొన్నాళ్ళకు సాయంత్రంపూట అది బిగుసుకుపోసాగింది. ఆపి మళ్ళీ పెడితే నడిచేది. ఏడవ తరగతి కుర్రవాడొకడు వచ్చిన రోజునే యిలా జరుగుతున్నదని అక్కడివాళ్ళు కనిపెట్టారు. వీడేదో నొక్కి పాడుచేస్తున్నాడని వాణ్ణి కంప్యూటరు దగ్గరికి రానివ్వటం మానేశారు. నేనూ కాదనలేదు.

వాడు మా యింటికి వచ్చాడు. "నేనేమీ పాడుచెయ్యలేదండీ, మాస్టారూ. పాత బీరువాలోని పుస్తకాల నెంబర్లు కొట్టాను. ఒక్కటీ లేదంటున్నది. పది కొట్టాక ఆగిపోతున్నది," అన్నాడు.

పది అనేసరికి నా గుండె గుభేలుమన్నది. పుస్తకం దొరికితే నా ప్రోగ్రాము వివరం చూపి, కనెక్షనును తిరిగి యిస్తుంది. దొరకకపోతే "అటువంటి పుస్తకం లేదు" అని చెప్పి అక్కడినుంచే వెనుదిరుగుతుంది. తిరిగి యిచ్చే వాక్యమేమో యింకా నాలుగు వరుసల కింద వున్నది! అంటే సైకిలును సందులో వదిలేసి యింటికి పోయినట్టే. మిగిలిన పిల్లలు రోజుకు ఒకటి రెండు నెంబర్లు తప్పు కొట్టినా, రాత్రి ప్రోగ్రామును ఆపేవారు కనుక బయటపడలేదు. ఆ బీరువాను డేటాబేసులో చేర్చటం మరిచినదీ మేమే. మరునాడు అందరి యెదుటా తప్పు నాదని చెప్పి, వాణ్ణి కంప్యూటరు ముందు కూర్చోబెట్టాను.

దిద్దుబాటు చిన్నదే. 2011లో వచ్చిన జావా 7 నుంచి ఒక సదుపాయం వున్నది. 'ట్రై' అనే మాట పక్కన బ్రాకెట్లలో కనెక్షను తీసుకుంటే, ఆ భాగంలోనుంచి యే దారిన బయటపడినా అది దానంతటదే కొట్టుకు చేరుతుంది. మీరు మొదటి రోజునుంచే అలా రాయండి. ఇంకొక మాట: పూల్‌నుంచి తీసుకున్న కనెక్షనుకు 'క్లోజ్' అని చెబితే అది మూసుకుపోదు, తిరిగి పూల్‌లోకి వెళుతుంది. ఈ మాట నన్ను చాలా రోజులు తికమక పెట్టింది.

"పదికి బదులు వంద పెడితే ఆగేది కాదు కదండీ?" అన్నాడు కుర్రవాడు.

నూట ఒకటోవాడి దగ్గర ఆగేది! పైగా పోస్ట్‌గ్రెస్ మామూలుగా వొప్పుకునేదే మొత్తం 100. అందులోనూ కొన్ని దాని యజమానికోసం అట్టేపెట్టుకుంటుంది. నాలుగు త్రాసులున్న దుకాణానికి వందమంది ఒక్కసారి సైకిళ్ళేసుకుని వస్తే తూకం త్వరగా అవుతుందా? తోపులాట పెరుగుతుంది. డేటాబేసు వున్న కంప్యూటరులోని కోర్ల సంఖ్యను రెట్టింపు చేసి, తిరిగే డిస్కుల సంఖ్య కలపమని ఒక లెక్క వాడుకలో వున్నది. నాలుగు కోర్లు, ఒక డిస్కు అయితే తొమ్మిది. ఇది మొదలుపెట్టటానికే, తరువాత నడిపి, కొలిచి, సరిచూసుకోవాలి.

మా గ్రంథాలయానికి తొమ్మిది కూడా యెక్కువే. వాడు అయిదుకు తగ్గించి చూశాడు, బాగానే నడుస్తున్నది. పాత బీరువాలోని పుస్తకాలను యిప్పుడు వాడే చేరుస్తున్నాడు. నిన్న సాయంత్రానికి 140 అయినాయి.